నాలుగో నంబరు కుప్ప

భద్రాచలం దాటి, అడవి మొదలయ్యే చోట ఒక ఊరు. అంతోనమ్మ ఇంటి ముందు రేకుల పంచ. మధ్యాహ్నం.

"ఊరికెనే వచ్చిన పెద్దమ్మా. చూసిపోదామని."

"ఊరికెనేనా తబితా! ఖమ్మం నుంచి బస్సుల కూసోని, గోదారి దాటి, మల్ల ఆటో ఎక్కి, ఊరికెనే వచ్చినవా? నా సొంత చెల్లెలే రాదు గట్ల."

"ఇగో, నీకు బ్రెడ్డు తెచ్చిన. మా ఖానాపురం హవేలి బేకరీది. మెత్తగ ఉంటది."

"మెత్తగ ఎందుకే? నాకు పండ్లూడినయనుకున్నవా? యాభై ఎనిమిదే నాకు. కూసో. ఆ కుర్చీల గాదు, దాని కాలు విరిగింది, మంచం మీద కూసో. మజ్జిగ తాగుతవా?"

"వద్దు పెద్దమ్మా."

"వద్దంటవేంది? మొన్న కాలేజీ ప్రాజెక్టుకని పది రోజులు నా ఇంట్ల ఉన్నప్పుడు పొద్దుకు మూడు గ్లాసులు తాగినవ్. పట్నం పోంగనే మా మజ్జిగ పులిసిందా?"

"అయ్యో, అట్ల గాదు. సరే, ఇయ్యి. సగమే."

"ఇగో. అదృష్టం మంచిగున్నది నీది, ఇయ్యాల కూలోళ్ళ ఆటో రాలె గనక ఇంట్ల దొరికిన. లేకుంటే మిరపతోటల ఉందును."

"మిరప ఏరబోతున్నవా?"

"మూడు వారాల సంది. ఏం జేస్తం మరి, ఇస్తర్ల షెడ్డుల పని లేకపాయె. చేతులు చూడు, ఎట్లయినయో. కండ్లల్ల పెట్టుకుంటే సచ్చినట్టే. ఏందే, మొఖం గట్ల పెట్టినవ్? తాగు. మల్ల వాడకట్టోళ్ళు అడిగిండ్రు, అంతోనమ్మా, నీ ఇంట్ల ఉన్న ఆ పిల్ల ఏం చదువుతదని. నాకు చెప్పరాలె. పెద్ద చదువు అని ఊకున్న. ఇంకోసారి చెప్పు."

"బీబీఏ పెద్దమ్మా. ఆఖరి సంవత్సరం. గ్లోబల్ బిజినెస్ మేనేజ్‌మెంట్."

"తెలుగుల చెప్పవే తల్లీ."

"దేశదేశాల యాపారం. ఇక్కడ తయారైంది ఇంకో దేశంల ఎట్ల అమ్మాలె, ఎంత జల్దీ పంపాలె, ఎవరితోని చేయించాలె... ఇప్పుడు షెడ్డుల నువ్వు కుట్టే మోదుగాకు ఇస్తరి ఉందా..."

"కుట్టిన. ఇప్పుడు కుడుతలేను గద."

"...అవ్. నువ్వు కుట్టిన ఇస్తరి. అది మిషన్ల వత్తి, డబ్బాల పెట్టి, జర్మనీకి పోతది."

"అది మా షెడ్డు ఓనరు జయప్రకాశ్ సారు చెప్తనే ఉంటడు. నాకు నమ్మకం గుదరదు. మనం తిని బయట పారేసే ఇస్తర్ల వాళ్ళేం తింటరే? పప్పా?"

"కేకు. చుట్టాలొస్తే కేకు పెట్టుకుంటరంట."

"కేకుకు ఇస్తరా! మా అత్త ఉంటే నవ్వి నవ్వి సచ్చేది. ఇంకేం చెప్తరు మీకు?"

"నిర్ణయం ఎట్ల తీసుకోవాలో చెప్తరు. డెసిషన్ మేకింగ్. ఒక చెట్టు బొమ్మ గీస్తం. ఇట్ల చేస్తే ఈ కొమ్మ, అట్ల చేస్తే ఆ కొమ్మ. ఏ కొమ్మకు ఏం కాస్తదో లెక్క రాసి, మంచి కొమ్మ పట్టుకుంటం."

"తక్కిన కొమ్మలు?"

"...కొట్టేస్తం."

"అట్లనా. మల్ల ఆ మంచి కొమ్మ ఏదో ఎట్ల ఎరుక?"

"డేటా. అంటే లెక్కలు. 'మీరు మాట్లాడొద్దు, లెక్కను మాట్లాడనియ్యండి' అంటది మా ప్రమీలారాణి మేడం."

"మంచిగ చెప్తది మేడం. ఆ ప్రాజెక్టుకు నీకు ప్రైజు వచ్చిందంట గద? సారు చెప్పిండు. పేపర్ల బొమ్మ గూడ పడ్డదంట."

"అవ్... ఫస్టు వచ్చింది. కాలేజీల."

"ఫస్టే! ఇంత మంచి మాట చెప్పుకుంట ఏడుపు మొఖమేందే? మల్ల సారు ఉద్యోగం గూడ ఇస్తనన్నడంట?"

"పరీక్షలైనంక రమ్మన్నడు. షెడ్డు ఆఫీసుల. పెద్దమ్మా, నేను..."

"నాకు తెల్సు, నువ్వు పైకొస్తవని. పది రోజులు షెడ్డుల కూసున్నవ్, ఆ దుమ్ముల. గంటకోసారి లేచి మా తొమ్మిదిమంది కుప్పలు లెక్కబెట్టి రాసుకుంటివి. ఫోను ఆ మూడు కాళ్ళ దానికి తగిలిచ్చి పెడితివి. మేము నవ్వుకున్నం, ఈ పిల్ల ఇస్తర్లకు పెండ్లి ఫోటోలు తీస్తాందని."

"పెద్దమ్మా, నేను చెప్పేది జర ఇను."

"ఇంటనే ఉన్న."

"మీకు చర్చిల ఫాదరు దగ్గరికి పోయి చెప్పుకునేది ఉంటది గదా? తప్పు చేస్తే?"

"అవ్. పాపసంకీర్తనం. ఇక్కడికి ఫాదరు నెలకోసారి వస్తడు, రెండో ఆదివారం. అందరివి ఒక్కసారే ఇనాలె పాపం, ఆయనకు నిద్రొస్తది. ఎందుకు?"

"మాది వేరే చర్చి, మాకు అది లేదు. మా నాయన ఏమంటడంటే, ఎవరికి చేసినవో వాళ్ళ దగ్గరికే నడిచి పోవాలె, వాళ్ళకే చెప్పాలె అంటడు. మధ్యల ఇంకొకరు ఉండరు."

"కష్టమే మీది."

"కష్టమే. అందుకే వచ్చిన. పెద్దమ్మా, నిన్ను పనిల నుంచి తీసింది సారు గాదు. నేను. నా ప్రాజెక్టుల రాసిన. తొమ్మిదిమందిల ఒకరిని తగ్గిస్తే చాలు, మిగిలినోళ్ళతోనే అదే పని అయితదని. ఎవరిని తగ్గియ్యాలో గూడ రాసిన. పేరు రాయలె. పేర్లు రాయొద్దు, నంబర్లు రాయాలని మేడం చెప్పింది. కూసున్న వరుసల నంబర్లిచ్చిన. నువ్వు నాలుగో నంబరు. అందరివి పొద్దుకు రెండొందల డెబ్బై దాటినయి, నాలుగో నంబరు కుప్పల రెండొందల పదే. గీత గీసి పెట్టిన, ఎర్రది. కాలేజీ పేపరే గదా, ఎవరు చూస్తరు అనుకున్న. కాపీ ఇయ్యమంటే సారుకిచ్చిన. నీ ఇంట్ల అన్నం తినుకుంటనే రాసిన పెద్దమ్మా. ఆ మూలకు కూసోని. నువ్వు దోమలు కుడుతయని పొగేసినవ్ గుర్తుందా, ఆ పూటనే రాసిన."

"తెల్సు."

"ఏంది?"

"తెల్సే. సారు ఫోన్ల నీ కాయితం చూపిచ్చే చెప్పిండు. ఎర్ర గీత, దాని మీద నాలుగు. 'నేను తీస్తలేను అంతోనమ్మా, లెక్క తీస్తాంది' అన్నడు."

"తెలిసీ... తెలిసీ నాకు మజ్జిగ పోసినవా?"

"పోయొద్దా? ఎండల వచ్చినవ్."

"తిట్టు పెద్దమ్మా. రెండు తిట్లు తిట్టు. ఇట్ల ఉంటే నాకు ప్రాణం పోతాంది."

"ఎందుకు తిట్టాలె? నువ్వు లేనిది రాసినవా? నా కుప్పల ఎన్ని ఉంటే అన్నే రాసినవ్. ముసల్దాన్నయిన, చెయ్యి సాగుతలేదు. అయిపాయె. ఆ బ్రెడ్డు ముక్క తీయి, నంజుకో."

"చెయ్యి సాగుతలేదా?"

"అవ్."

"అబద్ధం."

"ఏంది?"

"నిన్న వీడియో మల్ల చూసిన పెద్దమ్మా. నువ్వు మిరపకోతకు పోతున్నవని ఆటో గోపాలన్న చెప్పినంక మనసు ఊకోలె. మొత్తం చూసిన, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాక. నువ్వు అందరికంటె జల్దీ కుడుతవ్. ఆకు మీద ఆకు పెట్టుడు, పుల్ల గుచ్చుడు, విరుచుడు... నీ చేతులు కనబడయి. కుట్టి, మూడు నీ కుప్పల వేస్తవ్. నాలుగోది..."

"ఏ వీడియో?"

"ఆ మూడు కాళ్ళ దాని మీద..."

"అది బొమ్మలకంటివి గద. లెక్కకంటివా?"

"బొమ్మలకే. కాని అంతా పడ్డది. నాలుగోది పక్క కుప్పల వేస్తవ్. డెబ్బై రెండు సార్లు. నేను ఆపి ఆపి లెక్కబెట్టిన. రెండొందల పదికి డెబ్బై రెండు కలిపితే..."

"ఏదో చెయ్యి జారి పడ్డయేమో."

"డెబ్బై రెండు సార్లు జారుతదా?"

"నా చెయ్యి, నా ఇష్టం. జారుతది."

"ఐదో నంబరు ఎవరు పెద్దమ్మా? పక్కన కూసునేది?"

"నాకు నంబర్లు తెల్వయి."

"సువర్ణక్క గదా? పచ్చ రైక, ఎప్పుడు తల వంచుకోని..."

"మెల్లగ మాట్లాడు. గోడకవతల వాళ్ళ చిన్నాయన ఉంటడు."

"ఎందుకు వేస్తున్నవ్ ఆమె కుప్పల?"

"చెప్తే ఏం జేస్తవ్? అది గూడ కాయితం మీద రాస్తవా?"

"రాయను."

"ఒట్టు?"

"మా చర్చిల ఒట్టు పెట్టం పెద్దమ్మా. రాయనంటే రాయను."

"నిరుడు వానలప్పుడు ఊరంతా జరాలు వచ్చినయి. చికెన్‌గున్యా. సువర్ణకు గూడ వచ్చింది. మంచం పట్టింది. అప్పుడే సారుకు పెద్ద లోడు పోయేదున్నది. తొమ్మిదిమంది ఉంటే గాని అందదు. సారు నాతోని అన్నడు, 'అంతోనమ్మా, నీ మాట ఇంటరు గద, అందరిని పట్టుకరా' అని. నాకు గొప్పనిపిచ్చింది. నీ మాట ఇంటరు అనేసరికి. పోయి సువర్ణను లేపిన. కాలుతాంది ఒళ్ళు. 'లోడు పోయేదాక రా, తర్వాత ఎంత పండుకుంటవో పండుకో' అన్న. నాలుగు రోజులు పట్టుకపోయిన. ఆ జరంల, తడి ఆకుల చేతులు పెట్టి కుట్టింది."

"మల్ల?"

"లోడు పోయింది. జరం గూడ పోయింది. చేతి ఏళ్ళు పోయినయి. ఇప్పటికీ పిడికిలి బిగవది దానికి. పుల్ల పట్టుకుంటే జారుతది. దవాఖానాల డాక్టరు అన్నడంట, అప్పుడే పండుకుంటే గింత కాకపోవునని. ఆమె ఇంతవరకు ఒక్క మాట అనలె నన్ను. ఒక్క మాట. అంటే బాగుండు. ఇప్పుడు తెల్సిందా నువ్వు తిట్టు తిట్టు అంటే నాకు ఎట్లుంటదో? నాకు గూడ ఎవరు తిట్టలె."

"ఫాదరుకు చెప్పుకున్నవా?"

"చెప్పుకున్న. పది జపమాలలు చెప్పుకో అన్నడు. చెప్పిన. ఇరవై చెప్పిన. జపమాలతోని దాని ఏళ్ళు వంగుతయా? వంగలె. ఇగ నాకు తోచింది నేను చేసిన. నాలుగుల ఒకటి దాని కుప్పల ఏసుడు పెట్టుకున్న."

"ఆమెకు తెలియదా?"

"తెల్వకుంటదా? పక్కనే కూసుంటది. అది ఎరగనట్టు ఉంటది, నేను ఏయనట్టు ఉంట. నడుస్తాంది. నువ్వొచ్చి లెక్కబెట్టేదాక మంచిగనే నడిచింది."

"పెద్దమ్మా..."

"నిన్ను అంటలేను. నిజం చెప్పన్నా? సారు నన్ను వద్దన్న రోజు నాకు ఏడుపు రాలె. లోపల ఏదో దిగినట్టయింది. దాని పని ఉన్నది, నా పని పోయింది. సరిపాయె అనుకున్న."

"కాని నువ్వు లేకుంటే ఆమె కుప్పల ఎవరు వేస్తున్నరు ఇప్పుడు?"

"చాందికి చెప్పి వచ్చిన. అవతలి పక్కన కూసుంటది గద. ఆ పిల్ల ఏస్తాంది, పదికొకటి. నువ్వు చూసి చూడనట్టు ఉండు, రేపు ఆఫీసుల కూసున్నంక."

"ఆమెకు ఎవరున్నరు ఇంట్ల?"

"ఇద్దరు పిల్లలు. హాస్టల్ల చదువుతరు. పెనిమిటి లారీ మీద పోయిండు, ఎప్పుడొస్తడో ఆయనకే తెల్వదు. మిరపకోతకు పోదామన్నా, ఆ ఏళ్ళతోని కాయ తెంపరాదు దానికి. నేనైతే ఏదో ఒకటి చేసుకుంట. దానికి ఆ షెడ్డు తప్ప దారి లేదు... ఏందే? ఫోను తీసి చూస్తున్నవేంది?"

"ఏం లేదు."

"మజ్జిగ పక్కన పెట్టినవ్. ఏమైంది?"

"ఏం లేదు పెద్దమ్మా."

"తేలు కుట్టిన దొంగ లెక్క చూస్తవేంది? ఇగో తబితా, ఒక్క పని చెయ్యి నాకోసం. ఆ వీడియో ఉన్నది గద. తుడిచెయ్యి. ఇప్పుడే. నా ముందట. తుడిచెయ్యవే."

"తుడిస్తే... తుడిస్తే పోదు పెద్దమ్మా."

"ఎందుకు పోదు? మా మనుమడు నాని బొమ్మలు నొక్కి నొక్కి తుడుస్తడు. నాకెరుక."

"నేను మంచి చేస్తున్న అనుకున్న. నిజంగ మంచే అనుకున్న. లెక్క తప్పు పెట్టిన, సరి చెయ్యాలె గదా అనుకున్న. నిన్ను మల్ల పనిలకు పిలిపియ్యాలె, ఆ మాట తీసుకొనే నీ ముందటికి రావాలె, ఉత్త చేతులతోని ఎట్ల రావాలె అనుకున్న."

"ఏం చేసినవ్?"

"బస్సు పాల్వంచ దాటంగనే సారుకు పంపిన. వాట్సాప్‌ల. వీడియో ముక్క, కొత్త లెక్క, రెండూ. 'నాలుగో నంబరు తప్పు సార్, నాదే పొరపాటు, ఆమె మంచి వర్కరు, పిలిపియ్యండి' అని రాసిన."

"కొత్త లెక్కల ఐదో నంబరుకు ఎంత రాసినవ్?"

"రెండొందల మూడు."

"యేసయ్యా!"

"నేను ఆలోచించలె పెద్దమ్మా! నీ నంబరు పైకి పోయిందని సంతోషపడ్డ గాని, ఆ నంబరు కింద పడ్డదని... అది గూడ ఒక మనిషి అని... మల్ల అదే పని చేసిన. మల్ల అదే."

"చూసిండా సారు?"

"చూసిండు. నీలం గీతలు వచ్చినయి."

"ఏమన్న రాసిండా?"

"బొటనవేలు బొమ్మ పెట్టిండు."

"అంటే?"

"మంచిది, సరే అని."

"ఫోన్ చెయ్యి. లే! ఫోన్ చెయ్యి సారుకు. తప్పు పంపిన అని చెప్పు."

"సిగ్నల్ లేదు ఇక్కడ."

"ఆ మూలకు పో, నీళ్ళ డ్రమ్ము కాడ. అక్కడ వస్తది. డ్రమ్మును ఆనుకొని నిలబడు. జల్దీ!"

"ఆ... పోతాంది. హలో? సార్? సార్, నేను తబిత. అవ్ సార్, వచ్చిన, ఊర్లనే ఉన్న... సార్, పొద్దున పంపింది... కాదు సార్, థాంక్స్ ఎందుకు సార్... సార్, అది జర ఆపండి. ఆ రెండో లెక్క గూడ కరెక్టు గాదు... వీడియో నిజమే సార్, కాని... లేదు సార్, ఎమోషనల్ గాదు... సార్, ఒక్క నిమిషం... నేను రాసిందే సార్, అవ్, నేనే రాసిన ఒకరిని తగ్గియ్యాలని, కాని... హలో? సార్?"

"ఏమన్నడు?"

"పోర్టుల కంటెయినర్ కాడ ఉన్నడంట. తర్వాత మాట్లాడుత అన్నడు."

"అంతేనా?"

"'నీ రిపోర్టు ప్రకారమే చేస్తున్న గదమ్మా, నువ్వే వద్దంటే ఎట్ల' అన్నడు."

"ఊకో. ఏడ్వకు. కండ్లు తుడుచుకో. షెడ్డుల ఇంకా చెప్పి ఉండడు. సారు రాంగనే నేను పోయి కాళ్ళు పట్టుకుంట. నాకు పని వద్దు, కీళ్ళ నొప్పులు అని చెప్త."

"అత్తా! ఓ అంతోనమ్మత్తా! ఇంట్లనే ఉన్నవా?"

"సువర్ణ! నువ్వేందే ఈ యాళ్ళకు? షెడ్డు ఇడిసిపెట్టిండ్రా?"

"మంచి మాట తెచ్చిన అత్తా, ముందు నోరు తీపి చెయ్యి. నిన్ను రేపట్నుంచి పనికి రమ్మన్నరు! సూపర్‌వైజరు రవికుమార్ వచ్చి చెప్పిండు, సారు ఫోన్ చేసిండంట. నీ జాగల నువ్వే కూసునుడు."

"కూసో. ముందు కూసో. నీళ్ళు తాగుతవా?"

"ఎవరీ పిల్ల? ఓ, ఆ ప్రాజెక్టు పిల్లనా! మంచిగున్నవా చెల్లె? నీకు ప్రైజు వచ్చిందంట గద."

"మంచిగున్న... అక్కా."

"సువర్ణా, నువ్వెందుకు ఇంటికొచ్చినవ్? ఇంక మూడన్న కాలె."

"ఏం లేదత్తా. తొమ్మిదిమంది ఎక్కువైతరంట. నువ్వొస్తే ఒకరు పోవాలె గద. నన్ను వద్దన్నరు. అదేందత్తా, నువ్వట్ల అయితవేంది? ఎన్నడన్న ఒకనాడు కావలసిందే. నా చేతులు నాకెరుక లేదా? నువ్వు ఇన్ని రోజులు... సరే తియ్యి. అదంతా మనం ఎప్పుడు మాట్లాడుకోలె, ఇప్పుడెందుకు? ఇగో, పొద్దున తొక్కు ఏసిచ్చినవ్ గద, నీ గిన్నె. కడిగిన."

"గిన్నె ఉండనీయవే నీ దగ్గర."

"కాని అత్తా, ఒక్కటి అర్థమైతలేదు నాకు. రవికుమార్ అన్నడు, ఎవరో వీడియో పంపిండ్రంట. నువ్వు నా కుప్పల ఏసేది అంతా అందుల ఉన్నదంట. షెడ్డుల అందరి ముందట చూపిచ్చిండు ఫోను. అందరు చూసిండ్రు. నేను తల యాడ పెట్టుకోవాలె? పని పోతే పోనీ. అందరి ముందట, దొంగ సొమ్ము దొరికినట్టు... ఎవరత్తా అది పంపింది? చాంది చూస్తేనేమో ఏడుస్తాంది, నేను గాదక్కా అని. ఎవరికి నేనేం చేసిన?"

"అక్కా, అది..."

"నువ్వుండు తబితా. నేనే."

"ఏంది?"

"నేనే పంపిచ్చిన సువర్ణా. వీడియో."

"నువ్వా? నీకు ఫోను పట్టుకొనుడే రాదు గదత్తా."

"ఈ పిల్లతోని పంపిచ్చిన. దీని దగ్గర ఉన్నదని తెల్సి, ఫోన్ చేసి పిలిపిచ్చుకున్న. ఇది వద్దన్నది. నేనే పంపు పంపు అని ఎంట పడ్డ. ఎండల మిరపకాయ తెంపలేక సచ్చిపోతాన్న. నా పని నాకు గావాలె. నేను కుట్టినయి నేను కుట్టినట్టే ఉండాలె గద. ఏమన్న అను. తిట్టు నన్ను."

"ఏమంటనత్తా. నీయి నువ్వు అడిగినవ్. అవ్, నీయే గద అవి... గిన్నె ఇక్కడ పెడ్తున్న. తొక్కు మంచిగుండె. పోతున్న."

"సువర్ణా! నీళ్ళన్న తాగి పోవే!"

"వద్దత్తా. ఇంట్ల ఉన్నయి."

"పెద్దమ్మా, ఎందుకట్ల చెప్పినవ్? ఎందుకు చెప్పినవ్! నేను చేసింది నీ మీద ఎందుకు వేసుకున్నవ్?"

"అరవకు. పంచ దాటలె అది ఇంక."

"ఆమె నిన్ను ఎట్ల చూసి పోయిందో చూసినవా?"

"చూసిన. చూడనీ. ఎనిమిది నెలలుగ ఒక్క మాట అనలె, ఇప్పుడన్న లోపల అనుకుంటది. నాకదే మంచిది. నువ్వు రేపు అదే షెడ్డుల ఆఫీసు కుర్చీల కూసోవాలె. ఆడోళ్ళు నీ మొఖం చూడాలె గద. ఇరవై ఏండ్ల పిల్లవు, ఇప్పుడే నీ మీద గీత పడితే ఎట్ల? నా బతుకు ఏముందే, నాలుగుల ఒకటి పక్కకు ఏసుడు అలవాటైపాయె."

"ఇది గూడ ఏస్తవా? ఇది నా కుప్పల నుంచి తీసి నీ కుప్పల ఏసుకుంటవా?"

"ఏసుకున్న. అయిపాయె. ఒక్క అబద్ధం. రెండో ఆదివారం ఫాదరు వస్తడు, చెప్పుకుంట. నాకు చెప్పుకునే జాగ ఉన్నది. నీకు లేదంటివి గద."

"ఉన్నది పెద్దమ్మా. అగో, వేపపుల్లల కంచె కాడికే పోయింది ఇంకా."

"తబితా, కూసో. పోకు. చెప్పులన్న ఏసుకోవే, కాలుతది!"

"సువర్ణక్కా! ఓ సువర్ణక్కా! ఆగు! పెద్దమ్మ అబద్ధం చెప్పింది!"